ఇరవై రెండు కన్నాలు

కిందటి వారం నన్ను ఈతకొలను హాలు బయట, తడి నేలన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయారు మీరు. ఎడమ చేతిలో చాకు, ఒక పక్క మా నాన్న, ఇంకో పక్క మా చిన్నాన్న. వాళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహం. ఒకరొస్తున్నట్టు ఇంకొకరికి చెప్పకుండా ఇద్దరినీ పిలిపించిన ఘనత నాదే కాబట్టి, ఇద్దరి కోపమూ నా నెత్తి మీదే.

పోయిన వారం చదవని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా నాన్న డబుల్ గ్లాస్ కిటికీలకి జంట అద్దాలు తయారుచేస్తాడు. రెండద్దాల మధ్య వేలెడు సందు వదిలి, చుట్టూ అల్యూమినియం పట్టీ పెట్టి, గాలి కూడా దూరకుండా అంచులు మూసేస్తాడు. ఊళ్ళో అందరికీ ఆయన అద్దాల మేస్త్రి. ఆయన చేసినదాన్ని తీసుకెళ్ళి గోడలో బిగించేవాడు చిన్నాన్న. ఈ అన్నదమ్ములిద్దరూ అక్కచెల్లెళ్ళిద్దరిని చేసుకున్నారు. అంటే మా పిన్ని, మా అమ్మకి సొంత చెల్లెలు.

పదమూడేళ్ళ కిందట ఈ ఈతకొలనుకి పద్దెనిమిది కిటికీలు పెట్టారు. రెండు చలికాలాలు తిరిగేసరికి పద్దెనిమిదింటికీ అద్దాల మధ్య ఆవిరి పట్టేసింది. నీ బిగింపు బాగాలేదని నాన్న, నీ అంచులు బాగాలేవని చిన్నాన్న. మాటా మాటా పెరిగింది. నా పనిలో లోపం లేదని అమ్మ దగ్గర నాన్న ఒట్టేసి మరీ చెప్పాడు. ఆ ఒట్టు నమ్మి అమ్మ చెల్లెలి గడప తొక్కడం మానేసింది. ఇప్పుడు ఆ కిటికీలు బాగుచేసే పని నేను ఒప్పుకున్నాను. చిన్నాన్న ఏమో శనివారం సామాను సర్దుకుని వేరే ఊరు వెళ్ళిపోతున్నాడు. ఇవాళ గురువారం. ఇవాళ ఈ ఇద్దరూ మాట్లాడుకోకపోతే ఇక జన్మలో మాట్లాడుకోరు. నాకు మా చిన్నాన్న కావాలి. అదీ సంగతి.

మొదటి కిటికీ చుట్టూ అద్దాన్ని పట్టి ఉంచే బీడింగు చువ్వలు ఊడదీసి, జంట అద్దాన్ని బయటికి తీసి గోడకి ఆనించాను. ఫ్రేము అడుగున గాడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి, పాచి పట్టి, పచ్చగా. అక్కడిదాకా కిందటి వారమే చూశారు.

కిటికీ అన్నాక కాస్తో కూస్తో వాననీరు ఫ్రేములోకి దిగుతుంది. దిగకుండా ఆపే మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకే ఫ్రేము అడుగున బయటి వైపు రెండు చిన్న కన్నాలు పెడతారు. దిగిన నీరు దిగినట్టే వాటిలోంచి బయటికి పోతుంది. అవి మూసుకుపోయాయా, అద్దం అడుగుభాగం ఏళ్ళ తరబడి నీళ్ళలో నానుతుంది. అంచు పట్టు వదిలేస్తుంది. తేమ మధ్యలోకి దూరుతుంది. ఈ కిటికీకి ఆ రెండు కన్నాలూ తెల్ల సిలికాన్ బంకతో మూసేసి ఉన్నాయి. ఫ్రేమూ తెలుపే, సిలికానూ తెలుపే. వేలితో తడిమితే తప్ప తెలియదు.

"అడగవే ఆ పెద్దమనిషిని," అన్నాడు నాన్న నాతో. "నీటి కన్నాలు మూసెయ్యమని ఏ బడిలో చెప్పారో అడుగు."

"మీ నాన్నకి చెప్పమ్మా," అన్నాడు చిన్నాన్న, ఆయన కూడా నాతోనే. "ముప్పై ఏళ్ళ నుంచి కిటికీలు పెడుతున్నాను. నీటి కన్నం మూసేంత బుద్ధితక్కువ పని ఎన్నడూ చెయ్యలేదని చెప్పు."

ఇద్దరి మధ్యా దూరం రెండు మూరలు కూడా లేదు. నేను మాత్రం ఒకరి మాట ఒకరికి మోసే పోస్టుమాన్ ఉద్యోగం వెలగబెడుతున్నాను. ఇక్కడ ఈత నేర్పే కోచ్ మేడం తలుపు దగ్గర నిలబడి మెడలో విజిల్ వేలితో తిప్పుకుంటూ గుడ్లప్పగించి చూస్తోంది. కొలను శుభ్రం చేసే రోజు కాబట్టి ఆవిడకి వేరే పని లేదు. పాపం, పదకొండేళ్ళుగా ఈ అద్దాల్ని తుడిచీ తుడిచీ ఆవిడ తువ్వాళ్ళు అరిగిపోయాయి. లోపలి నుంచి తుడిచింది, బయటి నుంచి తుడిచింది. తడి గదివైపు ఉంటే కిటికీ తెరిచి గాలి ఆడనివ్వాలి, తడి మధ్యలో ఉంటే ఎన్ని తువ్వాళ్ళు తెచ్చినా లాభం లేదు అని నేను పొద్దున చెప్పేదాకా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కిటికీలు మొత్తం ఫ్రేములతో సహా పీకెయ్యాలని భయపెట్టిన వాళ్ళే తప్ప, ఫ్రేము బాగానే ఉంది, జంట అద్దం మారిస్తే చాలు అన్నవాళ్ళు లేరట.

"అడుగు బిళ్ళలు పెట్టలేదేమో చూడు," అన్నాడు నాన్న. "అద్దాన్ని ఫ్రేము మీద నేరుగా కూర్చోబెట్టేసి ఉంటాడు. నేను అప్పుడే చెప్పాను."

పదకొండేళ్ళుగా ఇంట్లో వింటున్న పాట ఇది. అద్దం కింద ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టి కాస్త ఎత్తులో కూర్చోబెట్టాలి. చిన్నాన్న అవి ఎగ్గొట్టాడని నాన్న వాదన. నేను పాచి నీళ్ళలో చెయ్యి పెట్టి వెతికాను. రెండు బిళ్ళలు, ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉన్నాయి. తీసి నాన్న ముందు పెట్టాను.

నాన్న ఒక బిళ్ళ తీసి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు, మళ్ళీ నేల మీద పెట్టేశాడు.

"చూపించావా మీ నాన్నకి?" అన్నాడు చిన్నాన్న. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "పదకొండేళ్ళ కింద ఒక్కసారి వచ్చి బీడింగు ఊడదీసి చూస్తే తెలిసిపోయేది."

"నువ్వెందుకు చూడలేదో?" అన్నాడు నాన్న. ఆవేశంలో నన్ను మధ్యలో పెట్టడం మర్చిపోయాడు. పదకొండేళ్ళలో ఆయన తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట అది. కలకాలం గుర్తుంచుకోవాల్సిన తియ్యటి మాటేమీ కాదు గానీ, నాకు మాత్రం కడుపు నిండిపోయింది.

అయినా నిజం చెప్పొద్దూ, ఇద్దరినీ పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. కిటికీ ఆవిరి పట్టిందంటే పనివాడు మొట్టమొదట చూసేది నీటి కన్నాలే. ఇది వీళ్ళిద్దరికీ తెలియని సంగతి కాదు. తప్పు అవతలి వాడిదేనని ఇద్దరికీ ఎంత గట్టి నమ్మకమంటే, నిచ్చెన కూడా అక్కర్లేని ఈ కింది కిటికీల దగ్గరికొచ్చి వంగి చూసినవాడు లేడు.

"ఈ సిలికాన్ ఎవరి చేతిదో చూస్తే తేలిపోదూ," అన్నాడు నాన్న. "గీకకు. అలాగే ఉంచు."

జేబులోంచి కళ్ళజోడు తీసి వంగాడు. చిన్నాన్న కూడా వంగాడు. రెండు బట్టతలలు దగ్గర దగ్గరగా. నేను కూడా చూశాను.

సిలికాన్ నున్నగా ఉంది. కన్నం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క లాగుడు. కుడి నుంచి ఎడమకి లాగింది. నడుమ సన్నటి గీత, చీలిన పుల్లతో లాగితే పడే గీత.

ఆ పుల్ల నాకు తెలుసు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆదివారం. ఈ హాలు తెరిచి నెల కూడా కాలేదు. నాన్న లోపల బిగుసుకున్న హ్యాండిళ్ళకి నూనె వేస్తున్నాడు. అప్పటి మేనేజరు వచ్చి, కొత్త కిటికీలు కారుతున్నాయి, గోడ మీద నీళ్ళ చారలు పడుతున్నాయి, ఇదేం పని అని నాన్నని నలుగురిలో నానా మాటలూ అన్నాడు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. మా నాన్న తల వంచుకోవడం నేను ముందెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. బయటికొచ్చి చూస్తే నిజంగానే ప్రతి కిటికీ అడుగున రెండు కన్నాలు, వాటిలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఎక్కడ కన్నం కనిపిస్తే అక్కడ మూసెయ్ అని నాన్న పనివాళ్ళకి రోజూ చెప్పే మాట చెవిలో ఉంది. నాన్న సంచీలో సిలికాన్ గన్ ఉంది. అప్పుడే తిన్న ఐస్‌క్రీమ్ పుల్ల చేతిలో ఉంది.

నాన్న పరువు కాపాడాను ఆ రోజు. అలాగే అనుకున్నాను. చెప్పకుండా ఉంటే వాళ్ళే చూసి, ఎవరు చేశారబ్బా ఇంత నీటుగా అని మెచ్చుకుంటారని కాచుకుని కూర్చున్నాను. ఎవరూ చూడలేదు. నేనూ మర్చిపోయాను. తర్వాత పని నేర్చుకుని మూసుకుపోయిన నీటి కన్నాలు ఎన్ని వందలు తెరిచానో. ఆ ఆదివారం మాత్రం ఐస్‌క్రీమ్ తిన్న రోజుగానే మిగిలిపోయింది.

"ఎడమ చేతి లాగుడు ఇది," అంటున్నాడు చిన్నాన్న మెల్లగా. "అన్నయ్యా, నేను కుడిచేతి వాణ్ణి. నువ్వూ అంతే. మరి మనలో ఎడమ చెయ్యి..."

మాట ఆపి నా వైపు తిరిగాడు. మా ఇంటా వంటా ఎడమ చేతివాటం నా ఒక్కదానికే ఉంది. చాకు ఇంకా ఆ చేతిలోనే ఉంది.

"నేనే," అన్నాను.

చాకు కింద పెట్టాను. మేనేజరు తిట్టడం దగ్గర్నుంచి ఐస్‌క్రీమ్ పుల్ల దాకా అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. "కింద పదకొండు కిటికీలు. కిటికీకి రెండు. మొత్తం ఇరవై రెండూ నేనే మూశాను. మీరిద్దరూ పోట్లాడుకుంది నా వల్ల. అమ్మా పిన్నీ విడిపోయింది నా వల్ల. నన్ను కొట్టండి, తిట్టండి, ఏమైనా చెయ్యండి."

ఏడుపు తన్నుకొచ్చింది. ఇరవై అయిదేళ్ళదాన్ని, చేతికింద ఇద్దరికి పని చెప్పే దాన్ని, కోచ్ మేడం ముందు ముక్కు చీదుకుంటూ చంటిపిల్లలా ఏడ్చాను. ఆవిడ గబగబా వచ్చి ఒక తువ్వాలు నా చేతిలో పెట్టింది. అద్దాలు తుడిచిన తువ్వాలే.

చిన్నాన్న రెండో కిటికీ దగ్గరికి వెళ్ళి వేలితో తడిమాడు. తర్వాత మూడోది. అలా చివరిదాకా వెళ్ళి వచ్చాడు.

"ఒక్కటీ వదల్లేదే!" అన్నాడు. "ఇరవై రెండు! అంత బరువు గన్ ఎలా ఎత్తావే నువ్వు? నా దగ్గర పదేళ్ళు చేసినవాడు కూడా ఇంత నున్నగా లాగలేడు."

ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడు మహానుభావుడు. గోడకి చెయ్యి ఆనించి, పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. నా ప్రాణం అప్పుడు గానీ లేచి రాలేదు.

నాన్న నవ్వలేదు. అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు. బల్ల తడిగా ఉందని కూడా చూసుకోలేదు.

"కన్నం కనిపిస్తే మూసెయ్ అని నేర్పింది నేనే కదే," అన్నాడు. "మూసేవి ఏవి, వదిలేసేవి ఏవి అని చెప్పనే లేదు. నీదేం తప్పు? కళ్ళు తుడుచుకో."

అంత తేలిగ్గా క్షమిస్తాడనుకోలేదు. ఒంటికాలి మీద లేస్తాడనుకున్నాను. సిలికాన్ చుక్క నేల మీద పడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి. అలా మెత్తబడిపోయేసరికి నాకు సంతోషంతో పాటు కాస్త అనుమానం కూడా వచ్చింది. కానీ సంతోషమే ఎక్కువ. తప్పు దొరికింది. అన్నదమ్ములిద్దరిదీ కాదు, పన్నెండేళ్ళ పిల్లది. ఇక ఇంటికెళ్ళి అమ్మకి చెప్పడమే, పిన్నికి ఫోన్ చెయ్యడమే. సామాను సర్దడం ఆపెయ్ పిన్నీ అని నేనే చెబుదామనుకున్నాను.

"సరే, కిందవి పదకొండు," అన్నాడు చిన్నాన్న కళ్ళు తుడుచుకుంటూ. తల పైకెత్తాడు. "మరి పైవి ఏడు?"

పై వరస మనిషికి రెండింతల ఎత్తులో ఉంది. పెద్ద నిచ్చెన లేకుండా పెద్దవాళ్ళకే అందదు. పన్నెండేళ్ళ పిల్ల ఎక్కే ప్రశ్నే లేదు. ఆ ఏడింటికి కూడా ఆవిరి పట్టే ఉంది, కిందవాటికన్నా దట్టంగా.

"అవి వదిలెయ్," అన్నాడు నాన్న. "ఎలాగూ అన్నీ మారుస్తాం కదా."

చిన్నాన్న అప్పటికే తన వ్యాను మీంచి నిచ్చెన దింపుతున్నాడు. కోచ్ మేడం అలవాటు చొప్పున విజిల్ ఊది, "తడిలో పరిగెత్తొద్దు!" అంది. అరవై ఏళ్ళ చిన్నాన్న బుద్ధిగా నడక తగ్గించాడు. నిచ్చెన వేసి, కింద నన్ను పట్టుకోమని ఎక్కాడు. జేబులోంచి తీగ ముక్క తీసి మొదటి కిటికీ కన్నంలో పెట్టాడు. తీగ సాఫీగా లోపలికి పోయింది.

"తెరిచే ఉన్నాయమ్మా," అన్నాడు పైనుంచి. "రెండోది కూడా. గాడి పొడిగా ఉంది. నీళ్ళ చుక్క లేదు. అంచు కూడా గట్టిగానే ఉంది, ఎక్కడా వదల్లేదు."

నీళ్ళలో నానలేదు, అంచు ఊడలేదు, అయినా మధ్యలో తేమ. అది ఎలా వస్తుందో మా షెడ్డులో పెరిగిన ఎవరికైనా తెలుసు.

జంట అద్దాల మధ్య పెట్టే అల్యూమినియం పట్టీ బోలుగా ఉంటుంది. దాని నిండా ఆవగింజలంత పూసలు పోస్తారు. మూసేటప్పుడు లోపల మిగిలిన తేమ మొత్తాన్ని అవే పీల్చుకోవాలి. ఆ పూసల డబ్బా మూత తెరిచి ఉంచితే చుట్టూ ఉన్న గాలిలో తేమ తాగి ముందే చచ్చిపోతాయి. చచ్చినవాటికీ బతికినవాటికీ కంటికి తేడా తెలియదు. నాన్న రోజూ పని మొదలుపెట్టే ముందు నా అరచేతిలో చిటికెడు పూసలు పోసి ఒక చుక్క నీళ్ళు వేసేవాడు. బతికి ఉంటే చురుక్కుమని వేడెక్కేవి. నేను కెవ్వుమనేదాన్ని, ఆయన నవ్వి పని మొదలుపెట్టేవాడు. చిన్నప్పుడు నాకు అదో ఆట.

"పట్టీ మీద తేదీ చదువు చిన్నాన్నా," అన్నాను. నాన్న ప్రతి పట్టీ మీదా, లోపలి వైపు, చేసిన రోజు అచ్చు వేస్తాడు.

చిన్నాన్న టార్చి వేసి, మొహం అద్దానికి ఆనించి చదివాడు. "నవంబరు ఇరవై ఆరు." నిచ్చెన జరిపాం. రెండో కిటికీ, నవంబరు ఇరవై ఆరు. మూడోది, అదే. ఏడో కిటికీ దాకా నిచ్చెన జరుపుతూనే ఉన్నాం. ఏడూ ఒకే రోజు. కిందవి మాత్రం అంతకుముందు వారానివి.

నాన్న బల్ల మీంచి లేచాడు. నిచ్చెన దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడిచాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

"ఆ రోజు పూసలు చల్లగా ఉన్నాయిరా," అన్నాడు.

చిన్నాన్న టార్చి ఆర్పి కిందికి చూశాడు.

"ముందు రోజు మూత పెట్టడం మర్చిపోయాను. పొద్దున అరచేతిలో పోసి చూశాను. చల్లగా ఉన్నాయి. ఇంకో చుక్క వేశాను. అయినా చల్లగానే ఉన్నాయి. కొత్త డబ్బా రావడానికి నాలుగు రోజులు. హాలు తెరిచేది ఎల్లుండి. ఇప్పటికి పెట్టేద్దాం, తర్వాత మార్చేద్దాం అనుకున్నాను. మార్చలేదు."

"అంటే నీకు తెలుసు," అన్నాడు చిన్నాన్న.

"తెలుసు. మొదటి చలికాలం పైవి ఏడూ ఆవిరి పట్టినప్పుడే తెలుసు, అవి నావేనని. నీకు చెబుదామని రెండు మూడు సార్లు నోటిదాకా వచ్చింది. ఇంతలో కిందవి పదకొండూ పట్టాయి. అవి మంచి పూసలతో చేసినవి. వాటిలో నా లోపం లేదని నాకు ఖాయంగా తెలుసు. లేకపోతే మరి నీదే కదా అనుకున్నాను. పదకొండు నీవి, ఏడు నావి. నా ఏడింటి గురించి నోరు మూసుకుని, నీ పదకొండింటి గురించి ఊరంతా వినేలా అరిచాను." ఆయన తల వంచుకున్నాడు. "ఇప్పుడు చూస్తే అవీ నీవి కావు. నీది ఒక్కటి కూడా కాదురా తమ్ముడూ. పద్దెనిమిదింటిలో ఒక్కటి కూడా."

మా నాన్న తల వంచుకోవడం నేను చూసిన రెండోసారి అది. మొదటిసారి చూసి ఇరవై రెండు కన్నాలు మూశాను. ఈసారి ఏం చెయ్యాలో తెలియక నిచ్చెన గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. కోపం వచ్చింది ఆయన మీద. చాలా వచ్చింది. పిన్ని వండిన అన్నం తిని పదకొండేళ్ళయింది నేను. పిన్ని కూతురి పెళ్ళికి మేం వెళ్ళలేదు. ఆ రోజు అమ్మ వంటింట్లో తలుపేసుకుంది. అయినా, అందరిలో నిలబడి ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి, ఆ కోపం వెంటే జాలి కూడా వచ్చింది.

చిన్నాన్న దిగాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు. నాన్న ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన వైపు చూడలేదు. వ్యాను వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

"వెళ్ళిపోతున్నారా?" అంది కోచ్ మేడం గుసగుసగా.

వెళ్ళిపోతే తప్పు పట్టడానికి ఏమీ లేదు. శనివారం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళిపోయినా ఆయనకి ఆ హక్కు ఉంది. ఒక నిమిషం గడిచింది. నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు, ఖాళీ అరచెయ్యి చూసుకుంటూ.

వ్యాను తలుపు ధడాలున మూసుకుంది. చిన్నాన్న వెనక్కి వచ్చాడు. రెండు చేతుల్లోనూ గాజు పట్టుకునే రబ్బరు కప్పులు. పెద్ద అద్దం ఒక్కడే దించలేడు, అటొకరు ఇటొకరు కప్పులు అతికించి పట్టుకోవాలి. ఒక జత నాన్న ముందు పెట్టాడు.

"నీ మీద నాకు ఎంత మంటగా ఉందో చెప్పాలంటే ఇవాళ పొద్దు చాలదు," అన్నాడు. "తీరిగ్గా తిడతాను. కూర్చోబెట్టి తిడతాను. ముందు ఇది పట్టుకో. పైవాటితో మొదలుపెడదాం, నీవి కదా."

నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ కప్పుల్ని అందుకున్నాడు.

"కప్పులు తడిచేసి అతికించు," అన్నాడు చిన్నాన్న. "అది కూడా మర్చిపోయావా?"

"నాకు చెప్పొచ్చావులే," అన్నాడు నాన్న.

ఈ రెండు మాటలూ విని నేను పక్కకి తిరిగి మళ్ళీ తువ్వాలు వెతుక్కున్నాను.

పని మొదలైంది. అది కూడా చెప్పాలి మీకు, ఎందుకంటే ఆ గంటసేపు నేనున్నంత సంతోషంగా ఈ ఊళ్ళో ఇంకెవరూ ఉండి ఉండరు. నేను నా ఇరవై రెండు కన్నాల్లో సిలికాన్ ఒక్కొక్కటే కోసి తీశాను. మొదటిది తెరవగానే పదమూడేళ్ళ నీరు ఒక్కసారిగా బుడబుడమని బయటికొచ్చి నా బూట్లు తడిపేసింది. కోచ్ మేడం విజిల్ ఊదింది, ఈసారి సంతోషంతో. పైన అన్నదమ్ములిద్దరూ రెండు నిచ్చెనల మీద. బీడింగు నడుమలోంచి తియ్యి, చివర్నుంచి కాదు అని ఒకరు, నాకు తెలుసులేవోయ్ అని ఇంకొకరు. మొదటి అద్దం దించి తువ్వాలు పరిచిన నేల మీద ఆనించారు. ఆ ఖాళీ చట్రంలోంచి ఎదురుగుట్ట కనిపించింది, దాని మీద మేకలు కూడా. ఇక్కణ్ణుంచి గుట్ట కనిపిస్తుందని తనకి ఇన్నేళ్ళూ తెలియనే తెలియదంది కోచ్ మేడం.

చిన్నాన్న టేపు పెట్టి కొలతలు తీసి చెబుతున్నాడు, నాన్న అట్టముక్క మీద రాస్తున్నాడు. ఏడో కొలత రాశాక చిన్నాన్న లెక్కలు కట్టుకుంటున్నట్టు ఆకాశం వంక చూశాడు.

"అద్దాలు చెయ్యడానికి నీకు వారం. బిగించడానికి నాకు ఇంకో వారం," అన్నాడు. "శనివారానికి అయ్యే పని కాదు ఇది. లారీ వాడికి ఫోన్ చేసి వద్దనాలి."

లారీ వద్దనాలి! నేను ఏమీ విననట్టు తల వంచుకుని కన్నాలు గీకుతూనే ఉన్నాను. విన్నట్టు కనిపిస్తే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయం.

"డబ్బా మూత నేను పెడతాను," అన్నాడు చిన్నాన్న. "పూసలు నా చేతిలో పోసి చూడు. నేను కెవ్వుమన్నాకే మొదలుపెట్టు."

నాన్న సరేనన్నట్టు తలాడించాడు. అప్పుడు చిన్నాన్న టేపు చుట్టి జేబులో వేసుకుని, ఇందాకటి నుంచీ దాచుకున్న ప్రశ్న మెల్లగా అడిగాడు.

"వదినకి తెలుసా?"

నాన్న పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. "లేదు," అన్నాడు. "ఒట్టేసి చెప్పాను తనకి. నా మాట మీదే చెల్లెల్ని వదులుకుంది."

"నా మీద పడ్డ నింద నేను మోశాను. అదెలాగో పోనీ," అన్నాడు చిన్నాన్న. "వదినకి మాత్రం నువ్వే చెప్పాలి. ఇంకెవరూ చెప్పకూడదు. అమ్మాయ్, నువ్వు కూడా."

"మంచి సమయం చూసి చెబుతాను," అన్నాడు నాన్న.

మంచి సమయం! పదకొండేళ్ళ కింద కూడా ఇదే మాట అనుకుని ఉంటాడు. ఆ మాట పైకి అనబోతుండగానే గేటు కిర్రుమంది.

అమ్మ. ఇవాళ చిన్నాన్న కూడా వస్తున్నాడని నేను అమ్మకి చెప్పలేదు. మా వీధి చివర ఆయన వ్యాను వెళ్ళడం చూసిందో ఏమో. చీర కొంగు నడుముకి దోపుకుని, ఎండలో చకచకా నడిచొస్తోంది. ఆవిడ చేతిలో రెండు టిఫిన్ క్యారియర్లు ఉన్నాయి. మా ఇద్దరికీ ఎప్పుడూ తెచ్చేది ఒక్కటే. రెండోది ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

అమ్మ నిచ్చెన కిందికొచ్చి ఆగింది. దించిన అద్దం చూసింది. నా బూట్ల చుట్టూ నీళ్ళు చూసింది. నిచ్చెనల మీద పక్కపక్కనే నిలబడ్డ అన్నదమ్ములిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ మొహంలో ఒక వెలుగు మెల్లగా పైకొచ్చింది. ఆ వెలుగు చూసి నాకు ఇందాకటి సంతోషం మొత్తం భయంగా మారిపోయింది.

క్యారియర్లు రెండూ బల్ల మీద పెట్టి అమ్మ నాన్న వైపు తిరిగింది.

"తేలిందా?" అంది. "తప్పెవరిదో?"

చిన్నాన్న నేల చూపులు చూశాడు. నేను నోరు తెరవబోయాను. నాన్న చెయ్యెత్తి నన్ను ఆపి, నిచ్చెన మీంచి దిగడం మొదలుపెట్టాడు.